న్యూజిలాండ్ ట్రెక్: విమానం టికెట్టు కంటే ముందు హట్‌లో చోటు

న్యూజిలాండ్ కొండల్లో నాలుగు రోజులు నడవాలని సరదాపడేవాళ్లలో చాలామంది ముందుగా కొనేది విమానం టికెట్టు. సెలవు ఎప్పుడు దొరికితే అప్పటికి, ఛార్జీ ఎప్పుడు తగ్గితే ఆ రోజుకి కొనేస్తారు. ఆ తర్వాత తీరిగ్గా ట్రాక్ (నడక దారి) బుకింగ్ పేజీ తెరిస్తే, తాము అక్కడ ఉండే రెండు వారాల్లో ఒక్క బంక్ (పడుకునే మంచం) కూడా ఖాళీ కనిపించదు. అందుకే ఈ వరుసను తిరగెయ్యాలి. ముందు హట్‌లో (దారిలో రాత్రి పడుకునే బసలో) చోటు, ఆ తేదీలకు అటూ ఇటూ కలిపి మూడు నాలుగు రోజుల వెసులుబాటు, ఆ తర్వాతే విమానం.

కారణం చాలా సాదా సీదాది. అక్కడ పేరున్న నడక దారులను చాలావరకు డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ అనే ప్రభుత్వ శాఖ చూసుకుంటుంది. అందరూ ముద్దుగా డాక్ అంటారు. వీటిలో అన్నిటికంటే చక్కగా తీర్చిన 11 దారులకు గ్రేట్ వాక్స్ అని పేరు. (ఆ పదకొండులో వాంగనూయి అనేది నడక కాదు, నది మీద కనూ అనే చిన్న పడవలో ప్రయాణం.) దారి పొడవునా హట్‌లు ఉంటాయి. హట్‌లో ఎన్ని బంకులుంటే అంతమందికే చోటు. మిల్‌ఫోర్డ్ ట్రాక్ మీద సొంతంగా నడిచేవాళ్లు సీజన్‌లో రోజుకి 40 మంది, అంతే. ఆ దారి మీద టెంట్ వేసుకోనివ్వరు కాబట్టి పక్కదారి కూడా లేదు.

బుకింగ్ రోజు

గ్రేట్ వాక్స్ సీజన్ దాదాపుగా అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా. ఆ సీజన్ బుకింగ్‌లు అంతకు ముందు, అక్కడ చలికాలం మొదలయ్యే మే–జూన్ ప్రాంతంలోనే, ఒక్కో ట్రాక్‌కి ఒక్కో రోజున తెరుస్తారు. తేదీలు ముందే ప్రకటిస్తారు. మిల్‌ఫోర్డ్‌లో మంచి నెలలు చూస్తుండగానే నిండిపోతాయి. రూట్‌బర్న్ ట్రాక్‌కీ గిరాకీ ఎక్కువే. కెప్లర్ ట్రాక్‌కి కాస్త ఊపిరి తీసుకునే టైముంటుంది.

ఆ రోజుకి సిద్ధంగా ఉండటమంటే ఇదీ: డాక్ సైట్‌లో అకౌంట్ ముందురోజే తెరిచి లాగిన్ అయి చూసుకోవాలి. మీతో వచ్చేవాళ్ల పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. బయలుదేరే తేదీ ఒక్కటే కాకుండా, ఏది దొరికినా ఫరవాలేదనుకునే తేదీలు నాలుగైదు వరుసలో రాసుకోవాలి. విదేశీ లావాదేవీలకు కార్డు పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. క్యూలో చోటు వచ్చాక కార్డు తిరస్కరణకు గురైతే, మళ్లీ మొదటికొచ్చేసరికి మీ తేదీలు ఇంకొకరివైపోతాయి. న్యూజిలాండ్ వాసుల కంటే విదేశీయులకు హట్ రేటు ఎక్కువ. బడ్జెట్ వేసుకునేటప్పుడు విదేశీయుల వరుసలో ఉన్న ధరే చూడండి.

మిల్‌ఫోర్డ్‌కి ఒక మెలిక ఉంది. సీజన్‌లో దాన్ని ఒకే దిశలో, వరుసగా మూడు రాత్రులు, క్లింటన్, మింటారో, డంప్లింగ్ హట్‌లలో ఉంటూ నడవాల్సిందే. ఒక హట్‌లో రెండు రాత్రులు ఉండటం కుదరదు. పైగా ట్రాక్ మొదలయ్యే గ్లేడ్ వార్ఫ్‌కి, ముగిసే శాండ్‌ఫ్లై పాయింట్ నుంచి బయటికి, రెండు చోట్లా పడవ తప్పనిసరి. హట్ దొరికిన వెంటనే, అదే కూర్చున్న చోటు నుంచే, రెండు పడవలూ, బస్సూ బుక్ చేసెయ్యాలి. హట్ ఉండి పడవ లేకపోతే ట్రాక్ మొదటికి చేరే దారే ఉండదు.

చోటు దొరకలేదా? వదిలెయ్యకండి. సీజన్ దగ్గరపడేకొద్దీ మనసు మార్చుకున్నవాళ్ల బంకులు తిరిగి కనిపిస్తుంటాయి. ఒకరూ ఇద్దరూ అయితే ఇలా దొరకడం తేలిక. ఆరుగురి బృందానికి చాలా కష్టం.

ఏ ట్రాక్?

మొదటిసారి వెళ్లేవాళ్లకి మా సలహా కెప్లర్. మిల్‌ఫోర్డ్‌కి ఉన్నంత పేరు దానికి లేదు, నిజమే. కానీ ప్రణాళిక వేసేవాళ్ల కోణంలో చూస్తే కెప్లర్‌లో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదు. అది 60 కిలోమీటర్ల చుట్టు. టీ అనావు ఊరి పక్కన, సరస్సు నీళ్లు వదిలే కంట్రోల్ గేట్స్ దగ్గర మొదలై అక్కడికే తిరిగొస్తుంది. పడవ లేదు, బస్సు కోసం పరుగు లేదు. కావాలంటే ఊళ్లోంచి నడుచుకుంటూనే వెళ్లొచ్చు. ఏ దిశలోనైనా నడవచ్చు.

మొదటి రోజు దాదాపు 14 కిలోమీటర్లు. సరస్సు ఒడ్డున బీచ్ (beech) అనే అడవి చెట్ల నీడలో గంటన్నర మెత్తగా సాగి, బ్రాడ్ బే దాటాక దారి ఎత్తందుకుంటుంది. సున్నపురాతి గుట్టల కింద నుంచి వెళ్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు పొట్టివై, నాచు దట్టమై, ఒక్కసారిగా అడవి తెగిపోతుంది. రెండడుగుల ముందు వరకూ చెట్టు, ఆ తర్వాత పసుపు గడ్డి, ఆకాశం. లక్స్‌మోర్ హట్ 1,085 మీటర్ల దగ్గర. పొద్దున మొదలైన చోటుకీ దానికీ తేడా దాదాపు 880 మీటర్లు. రెండో రోజే అసలు పరీక్ష. లక్స్‌మోర్ నుంచి ఐరిస్ బర్న్ హట్ దాకా 14.6 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా చెట్టు అన్నది లేని కొండ వీపు మీద, రెండు పక్కలా లోయలతో. మధ్యలో ఫారెస్ట్ బర్న్, హ్యాంగింగ్ వ్యాలీ అని రెండు ఎమర్జెన్సీ షెల్టర్లు ఉన్నాయి. గాలి తిరిగితే తలదాచుకోవడానికే అవి. ఆ తర్వాత మలుపులు మలుపులుగా దాదాపు 900 మీటర్ల దిగుడు. మోకాళ్లు మొరపెట్టేది ఇక్కడే. మూడో రోజు మోటూరావు హట్ దాకా 16 కిలోమీటర్లు అడవిలో. నాలుగో రోజు పూర్తిగా కంట్రోల్ గేట్స్ దాకా నడిచే ఓపిక లేకపోతే, ఆరు కిలోమీటర్ల దగ్గర రెయిన్‌బో రీచ్ వంతెన దాటి బస్సెక్కెయ్యొచ్చు.

మిల్‌ఫోర్డ్ 53.5 కిలోమీటర్లు. రోజులు సమానంగా ఉండవు: మొదటి రోజు హట్‌కి గంటా గంటన్నరే, మూడో రోజు 1,154 మీటర్ల మెకినన్ పాస్ అనే కనుమ ఎక్కి, అవతల 850 మీటర్లకు పైగా రాళ్ల దారిలో దిగాలి. ఆ రోజే 580 మీటర్ల సదర్లాండ్ జలపాతం చూడాలంటే ఇంకో గంటన్నర కలపాలి. మోకాళ్లు పట్టేసినవాళ్లు ఆ పక్కదారి మానేస్తారు. తర్వాత చాలా బాధపడతారు. అందుకే ఆ రోజు పొద్దున్నే, వీలైతే ఏడింటికే, మింటారో వదలండి.

రూట్‌బర్న్ అందంలో మిల్‌ఫోర్డ్‌కి తీసిపోదు. చిక్కల్లా రవాణాతోనే. దారి పొడవు 32 కిలోమీటర్లే. కానీ ఒక కొస నుంచి రెండో కొసకి రోడ్డు మీద వెళ్తే 300 కిలోమీటర్లకు పైనే, నాలుగైదు గంటల ప్రయాణం. కారు గ్లెనార్కీ ఊరి వైపు వదిలి నడిస్తే, రెండో కొసలో మీరుంటారు, కారు కొండ అవతల ఉంటుంది. రెండు వైపులా బస్సు పట్టుకోవాలి, లేదా మీరు నడుస్తుండగా కారును అవతలికి తోలిపెట్టే సర్వీసుకి డబ్బు కట్టాలి. అదీ కుదరకపోతే హారిస్ శాడిల్ అనే కనుమ దాకా ఎక్కి వచ్చిన దారినే దిగడం. నిజానికి ఇది చెడ్డ పద్ధతేమీ కాదు. పైభాగం రెండుసార్లు, రెండు వెలుతుర్లలో చూస్తారు.

చలికీ ఎత్తుకీ జంకేవాళ్లకి దక్షిణ దీవి ఉత్తర కొసన ఏబెల్ టాస్మన్ ట్రాక్ ఉంది. 60 కిలోమీటర్ల సముద్ర తీరం, బంగారు రంగు ఇసుక. అక్కడ ప్లాన్ చెయ్యాల్సింది వానని కాదు, సముద్రపు ఆటుపోట్లని. ఆవరోవా అనే చోట దారి నేరుగా సముద్రపు పాయ అడుగు మీదుగా పోతుంది. నీరు పూర్తిగా తీసిన సమయానికి గంటన్నర ముందు నుంచి రెండు గంటల తర్వాత వరకే దాటగలరు. చుట్టుదారి లేదు. నీరు తీసే సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే ఈ సోమవారం మధ్యాహ్నం 12కి నీరు తీస్తే, 10:30 నుంచి 2 దాకా మీకు దారి. శుక్రవారానికి అది మధ్యాహ్నం మూడు దాటిపోతుంది. కాబట్టి ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాత హట్ తేదీ. ఇది చూసుకోకుండా బుక్ చేసినవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి హెడ్‌టార్చ్ పెట్టుకుని మోకాలి లోతు చల్లటి నీళ్లలో దిగాల్సొస్తుంది. ఇంకో సంగతి: ఏబెల్ టాస్మన్ హట్‌లలో వంటకి గ్యాస్ స్టవ్‌లు ఉండవు. మీ స్టవ్ మీరే మొయ్యాలి.

ఒక్క రోజే ఉందనుకునేవాళ్లకి ఉత్తర దీవిలో టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్. అగ్నిపర్వతాల మధ్య దాదాపు 20 కిలోమీటర్లు, 7–8 గంటలు. మాంగటెపోపో వైపు నుంచి మొదలుపెడితే ఎక్కేది తక్కువ, దిగేది ఎక్కువ. సీజన్‌లో అక్కడి పార్కింగ్‌కి నాలుగు గంటల పరిమితి ఉంటుంది కాబట్టి, కారు అవతలి కొసన వదిలి షటిల్‌లో మొదటికి రావడం మేలు. రెడ్ క్రేటర్ నుంచి పచ్చటి సరస్సుల వైపు దిగే చోట కాలి కింద వదులు గులకే ఉంటుంది. మడమ గుచ్చి, మోకాలు కొద్దిగా వంచి దిగాలి. ఆ శిఖరాలు, సరస్సులు అక్కడి మూలవాసులైన మావోరీలకు పవిత్రమైనవి. నీళ్లని తాకకండి, శిఖరాలు ఎక్కకండి. 2012 ఆగస్టులో ఇక్కడి టే మారి బిలం పేలింది. ఆ దారి మీద అగ్నిపర్వత హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

వాన పడితే ట్రాక్ మూసెయ్యరు

ప్రణాళికలో అసలు కీలకం ఇదే. పశ్చిమం నుంచి సముద్రం మీదుగా వచ్చే తేమగాలి సదర్న్ ఆల్ప్స్ కొండల గోడకి కొట్టుకుని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్న నీరంతా అక్కడే కుమ్మరిస్తుంది. మిల్‌ఫోర్డ్ ట్రాక్ ముగిసే వైపు ఉన్న మిల్‌ఫోర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గర ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఆరు మీటర్లంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు. ఏడాదిలో దాదాపు సగం రోజులు అక్కడ వానే. కొండలకి ఇవతల ఉన్న టీ అనావులో అందులో నాలుగో వంతు కూడా పడదు.

నాలుగు రోజుల ట్రెక్‌లో ఒక రోజు తడుస్తారనే లెక్కతోనే బయలుదేరాలి. మామూలు వానకి ట్రాక్ తెరిచే ఉంటుంది, మీ డబ్బు వెనక్కి రాదు, మీ హట్ తేదీ మారదు. వరద, కొండచరియ, మంచుచరియల ప్రమాదం ఉంటేనే డాక్ ఆపుతుంది. ఆపినప్పుడు వేరే తేదీ దొరకడం గగనం. ట్రెక్‌కి ముందు ఒకటి, తర్వాత రెండు ఖాళీ రోజులు ఉంచుకోమనేది అందుకే. ముందు రోజు సామాను కొనడానికి, ప్యాక్ సర్దడానికి, ఆలస్యంగా వచ్చిన పెట్టె కోసం ఎదురుచూడటానికి. తర్వాతి రెండూ వరదకు రోడ్డు మూసుకుపోతే ఒడ్డున పడటానికి. తిరుగు విమానం ట్రెక్ ముగిసిన సాయంత్రానికే పెట్టుకుంటే, ఆఖరి రోజంతా దారి చూడరు, గడియారం చూస్తారు.

సూచన చదవడం కూడా నేర్చుకోవాలి. అక్కడి వాతావరణ సంస్థ మెట్‌సర్వీస్ కొండలకి విడిగా సూచన ఇస్తుంది. అందులో మూడు అంకెలు చూడండి: 1,000 మీటర్ల దగ్గర గాలి, 2,000 మీటర్ల దగ్గర గాలి, గడ్డకట్టే ఎత్తు. గడ్డకట్టే ఎత్తు 1,500 అని ఉంటే మంచు దానికి రెండు మూడు వందల మీటర్ల కింది దాకా పడొచ్చు. అంటే కెప్లర్ కొండ వీపు మీద, అక్కడ వేసవి అయిన జనవరిలోనైనా సరే. మామూలుగా వచ్చే వరుస ఇలా ఉంటుంది: ముందు వాయవ్యం నుంచి వెచ్చటి, బలమైన గాలి, దానితో జోరు వాన, ఆ తర్వాత గాలి ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది, గంటలో ఉష్ణోగ్రత పడిపోతుంది. ‘సదర్లీ చేంజ్’ అని కనిపిస్తే ఆ గంట వచ్చేలోగా మీరు హట్‌లో ఉండాలి. తడిసి ఉన్న మనిషిని ఆ గాలి అరగంటలో వణికించేస్తుంది.

నెలల సంగతి: డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా అక్కడి బడి సెలవులు, రద్దీ, ధరలు. అక్టోబర్ చివర, నవంబర్‌లో పైన మంచు మిగిలి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలలే మా ఓటు. వాతావరణం కొంత నిలకడగా ఉంటుంది, పగలు ఇంకా పొడవే. సీజన్ దాటాక మిల్‌ఫోర్డ్ మీద కొన్ని వంతెనలు విప్పేస్తారు, మంచుచరియలు విరిగిపడుతుంటాయి. అది అనుభవజ్ఞుల వ్యవహారం.

గ్రేట్ వాక్స్ మీద వాగులన్నిటికీ దాదాపు వంతెనలుంటాయి. మిగతా దారుల మీద ఉండవు. న్యూజిలాండ్ కొండల్లో ప్రాణాలు తీసేవాటిలో వాగు దాటడం మొదటి వరుసలో ఉంటుంది. నీరు మట్టిరంగుకి తిరిగి, కొమ్మలు కొట్టుకొస్తూ, అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు వినబడుతుంటే దిగొద్దు. ఒక కర్ర ముక్క నీళ్లలో పడేసి దాని పక్కన ఒడ్డునే నడవండి. అది మిమ్మల్ని దాటిపోతే ఆ వాగు మీకు కాదు. అక్కడి వాగులు ఎంత వేగంగా పొంగుతాయో అంత వేగంగానే తీస్తాయి. వాన ఆగాక కొన్ని గంటలు కూర్చుంటే తెల్లారేసరికి చీలమండ లోతుకి వచ్చెయ్యొచ్చు. ఒక పూట తిండి అదనంగా మొయ్యమనేది ఆ కూర్చోవడం కోసమే.

వీపు మీద ఏముండాలి

మొత్తం బరువు 12–13 కిలోలు దాటకూడదు. సన్నగా ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. హట్‌లో పరుపు ఉంటుంది, దుప్పటి ఉండదు. కాబట్టి టెంటూ చాపా అక్కర్లేదు, సున్నా నుంచి 5 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచే స్లీపింగ్ బ్యాగ్ కావాలి. కరెంటు ప్లగ్గు ఉండదు, స్నానం ఉండదు, చెత్తబుట్ట ఉండదు. మీ చెత్త మీరే మోసుకురావాలి. బంకులకి నంబర్ కేటాయింపు లేదు. ముందొచ్చినవాళ్లకి కిటికీ పక్కది. గురకకి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు రెండు గ్రాములే. తప్పకుండా పెట్టుకోండి.

ప్యాక్ తడవకుండా చూడటంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పైన తొడిగే రెయిన్ కవర్‌ని నమ్ముకుంటారు. కొండ మీద గాలి దాన్ని లాగేస్తుంది, లాగకపోయినా వీపు మీద నుంచి కారే నీరు ప్యాక్ వెనక భాగం గుండా లోపలికి దిగుతుంది. అక్కడివాళ్లు వాడేది ప్యాక్ లైనర్. దళసరి ప్లాస్టిక్ సంచి, డాక్ విజిటర్ సెంటర్లలోనే అమ్ముతారు. ప్యాక్ ఖాళీగా ఉండగా దాన్ని లోపల పరిచి, నోరు బయటికి మడవాలి. అడుగున స్లీపింగ్ బ్యాగ్, దాని మీద పొడి బట్టలు, ఆ పైన తిండి. నిండాక మోకాలితో నొక్కి గాలంతా తీసి, సంచి మెడని తాడులా పురి తిప్పి, ఆ పురిని రెండుగా మడిచి రబ్బరు బ్యాండ్ వెయ్యాలి. ఊరికే మడిచి వదిలేస్తే పైనుంచి కారిన నీరు ఆ మడతలోనే గుంట కట్టి, ప్యాక్ వంచిన ప్రతిసారీ లోపలికి పోతుంది. రెయిన్ జాకెట్, చేతి తొడుగులు, టోపీ, మధ్యాహ్నం తిండి మాత్రం లైనర్ బయట, పైన. వానలో ప్యాక్ విప్పే పని పడకూడదు.

బట్టలు రెండు జతలే. ఒకటి నడకది, ఒకటి హట్‌ది. హట్ చేరగానే తడిది విప్పి పొడిది వేసుకోవాలి. మర్నాడు పొద్దున మళ్లీ ఆ చల్లటి తడి జతే తొడుక్కోవాలి. ఈ ఒక్క నిమిషం ఎవరికీ ఇష్టముండదు. కానీ పొడి జతతో బయటికి అడుగేస్తే సాయంత్రానికి మీ దగ్గర పొడి గుడ్డ ముక్క కూడా మిగలదు. పదినిమిషాలు నడిచేసరికి ఒంటి వేడికి తడి బట్ట వెచ్చబడుతుంది, అదీ ఉన్నిదో పాలిస్టరో అయితేనే. నూలు బట్ట, జీన్స్ నీరు పట్టుకుని ఒంటి వేడిని లాగేస్తాయి. గొడుగు, పాంచో (మీద కప్పుకునే వదులు రెయిన్‌కోటు) గాలికి నిలవవు. అతుకులు సీల్ చేసిన, టోపీ ఉన్న, తుంటి కిందకి వచ్చే జాకెట్ కావాలి.

బూట్లు కొత్తవి వద్దు. ప్యాక్ బరువుతో కనీసం 60–80 కిలోమీటర్లు నడిచిన బూట్లతోనే రండి. సాధన రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టి, ప్యాక్ బరువు వారం వారం పెంచుతూ మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా చెయ్యాలి. ట్రెక్‌లో కుంటేవాళ్లందరూ దిగుడులోనే కుంటుతారు. మడమ దగ్గర వెచ్చగా, గీసుకుంటున్నట్టు అనిపించిన క్షణంలోనే ఆగి టేపు వెయ్యండి. బొబ్బ లేచాక టేపు అంటుకోదు.

తిండి మనిషికి రోజుకి 600–700 గ్రాముల పొడి సరుకు: పొద్దున 100 గ్రాముల ఓట్స్ పాలపొడితో, దారిలో తినడానికి గింజలు, చీజ్, చపాతీలాంటి ర్యాప్‌లు 300 గ్రాముల దాకా, రాత్రికి 150 గ్రాముల పాస్తా లేక అన్నం, దానికి రుచి. ఇంకో పూటకి అదనం. కెప్లర్, మిల్‌ఫోర్డ్, రూట్‌బర్న్ హట్‌లలో సీజన్‌లో గ్యాస్ స్టవ్‌లుంటాయి. గిన్నె, చెంచా, లైటర్ చాలు. సొంత స్టవ్ కావాల్సిన చోట లెక్క ఇది: లీటరు నీళ్లు మరగడానికి గాలి ఉన్న చోట 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. ఇద్దరికి రోజుకి రెండున్నర లీటర్లు, అంటే 40 గ్రాములు. మూడు నాలుగు రోజులకి 230 గ్రాముల డబ్బా ఒకటి హాయిగా సరిపోతుంది, చిన్న 100 గ్రాములది సరిపోదు. గ్యాస్ డబ్బా విమానంలో అస్సలు ఎక్కనివ్వరు. అక్కడే కొనాలి.

ఎయిర్‌పోర్ట్‌లో బూట్లు

న్యూజిలాండ్‌కి బయటి మట్టి, విత్తనం, పురుగు అంటే భయం, అది న్యాయమైన భయం. వాడిన బూట్లు, టెంట్, నడక కర్రలు, తినేది ఏదైనా సరే, ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో నింపే ట్రావెలర్ డిక్లరేషన్‌లో చెప్పాలి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. చెప్పి చూపిస్తే, వస్తువు పనికిరానిదైనా తీసుకుని పారేస్తారు గానీ జరిమానా ఉండదు. అనుమానం ఉంటే చెప్పడమే. తేనె తీసుకెళ్లొద్దు.

బూట్లు కడగడం బయలుదేరడానికి వారం ముందే కానివ్వండి. లేసులు, లోపలి అట్టలు తీసి, అడుగున గాడుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో, మొనతేలిన పుల్లతో తీసి, సబ్బునీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. సాక్సుల్లో, వెల్‌క్రోలో, ప్యాక్ పక్కజేబు అడుగున గడ్డి గింజలు దాక్కుంటాయి. అధికారులు సరిగ్గా అక్కడే చూస్తారు. ఇవన్నీ పెట్టెలో పైన ఉంచండి. న్యూజిలాండ్‌లో దిగిన మొదటి ఎయిర్‌పోర్ట్‌లోనే ఈ తనిఖీ అయి, ఆ తర్వాత లోపలి విమానానికి సామాను మళ్లీ ఇవ్వాలి. మధ్యలో మూడు గంటలైనా పెట్టుకోండి.

లోపల తిరిగేటప్పుడూ ఇదే జాగ్రత్త. 2004లో దక్షిణ దీవి నదుల్లో డిడిమో అనే నాచు బయటపడింది. ఒక్క చుక్క నీటితో ఇంకో నదికి పాకుతుంది. నీళ్లలో తడిసిన బూట్లు, కయాక్ సామాను ఇంకో నదికి తీసుకెళ్లే ముందు చూసి, కడిగి, ఆరబెట్టాలి. ఉత్తరాన కౌరీ చెట్ల అడవుల్లో దారి మొదట్లో బూట్లు శుభ్రం చేసే స్టేషన్లుంటాయి. దాటవెయ్యకండి. ఆ చెట్ల వేళ్లని చంపే తెగులు బూటు కింద మట్టితోనే ప్రయాణిస్తుంది.

చిన్నవే, కానీ

శాండ్‌ఫ్లై అనే చిన్న నల్ల ఈగ ఫియోర్డ్‌ల్యాండ్ (మిల్‌ఫోర్డ్, కెప్లర్ ఉన్న ప్రాంతం) అంతటా ఉంటుంది. నడుస్తుంటే పట్టదు, ఆగితే పట్టుకుంటుంది. దురద వారం ఉంటుంది. గాలిలో, రాత్రిపూట రాదు. ముదురు రంగు బట్టలకి ఎక్కువ చేరుతుంది. డీట్ (పురుగుల్ని దూరంగా ఉంచే రసాయనం) ఉన్న మందు చీలమండలకి, చేతి వెనక వైపు రాసుకోండి. రాసుకున్న చేత్తో ప్లాస్టిక్ కళ్లజోడు ముట్టుకోకండి, కరుగుతుంది. ఎండ కూడా అక్కడ కొరుకుతుంది. వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక 12 దాటుతుంది. చల్లగా ఉంది కదా అని టోపీ తీసేస్తే సాయంత్రానికి చెవులు కమిలిపోతాయి.

రోడ్డు: ఎడమవైపే నడపాలి. మ్యాప్ చెప్పే సమయానికి పావు వంతు కలపండి. టీ అనావు నుంచి మిల్‌ఫోర్డ్ సౌండ్ 120 కిలోమీటర్లే, రెండు గంటలు పైనే పడుతుంది, దారిలో పెట్రోల్ దొరుకుతుందనుకోకండి. ఒంటివరుస వంతెనల దగ్గర బోర్డు మీద మీ వైపు చిన్న ఎర్ర బాణం ఉంటే ఎదుటివాళ్లకి దారివ్వాలి.

దారిలో ఫోన్ పనిచెయ్యదు. 111 అత్యవసర నంబరే, కానీ సిగ్నల్ ఉన్నచోటే. అందుకే పర్సనల్ లొకేటర్ బీకన్ (ఆపదలో మీరున్న చోటు ఉపగ్రహం ద్వారా తెలిపే చిన్న పరికరం) అద్దెకి తీసుకోండి. వాడాల్సొస్తే, ఆకాశం కనిపించే చోట యాంటెనా నిటారుగా పెట్టి, మీట నొక్కి, అక్కడి నుంచి కదలకూడదు, ఆపకూడదు. ప్రమాదంలో దెబ్బ తగిలితే చికిత్స ఖర్చులో చాలా భాగం అక్కడి ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా పథకం విదేశీయులకి కూడా భరిస్తుంది. జబ్బు చేస్తే భరించదు, ఇంటికి చేర్చే ఖర్చూ ఇవ్వదు. ఆ రెంటికీ బీమా మీరే తీసుకోవాలి, అందులో ట్రెక్కింగ్ ఉందో లేదో చదివి.

బయలుదేరే ముందు ఒక మనిషికి కాగితం ఇవ్వండి: ఏ ట్రాక్, ఏ రాత్రి ఏ హట్, ఎవరెవరు, ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే ఎన్ని గంటలకి పోలీసులకి చెప్పాలి. ఆఖరిది తప్పకుండా రాయండి, లేకపోతే అవతలివాళ్లు ‘ఇంకాసేపు చూద్దాం’ అంటూ రాత్రి గడిపేస్తారు. ప్రతి హట్‌లో పుస్తకం ఉంటుంది. పేరు, రేపు వెళ్లే చోటు రాయండి. అక్కడ ఉండకుండా దాటిపోతున్నా సరే, లోపలికెళ్లి రాసి వెళ్లండి. సాయంత్రం రేంజర్ వచ్చి మర్నాటి వాతావరణం, దారి పరిస్థితి చెప్తారు. వంటలో ఉన్నా చెవి అటే పెట్టండి.

రాత్రి పడుకునే ముందు బూట్లు బయట వదలొద్దు. కెయా అనే ఆకుపచ్చ కొండచిలుక తెల్లవారకముందే వస్తుంది. లేసులు లాగేస్తుంది, లోపలి మెత్తటి అట్ట పీకి పడేస్తుంది, ఒక బూటు ఎత్తుకెళ్లి లోయలో జారవిడుస్తుంది. హట్ వసారాలో పైన కొక్కేలుంటాయి. లేసులు ముడేసి, రెండూ కలిపి ఆ కొక్కేనికి వేలాడదీయండి.